అంగారకుడి మీద సంఘం: దూరం క్రైస్తవ్యాన్ని ఎలా మారుస్తుంది?

కతోలిక శ్రీసభ (చర్చి) చట్టంలో 1116 నంబరు నియమం ఒకటుంది. పెళ్ళి జరిపించే అర్హత ఉన్న గురువు (ఫాదర్) దొరకడం బాగా కష్టమై, ఆ పరిస్థితి ఒక నెలపాటు అలాగే ఉండేలా కనిపిస్తే, వధూవరులు సాక్షుల ముందు ఒకరినొకరు స్వీకరిస్తే చాలు. ఆ పెళ్ళి చెల్లుతుంది. గురువులు చేరలేని మారుమూల ప్రాంతాల్లో, మతం మీద నిషేధం ఉన్న దేశాల్లో బతికే విశ్వాసులకి పనికొచ్చే నియమం ఇది. ఇప్పుడున్న రాకెట్లతో అంగారకుడి దగ్గరికి వెళ్ళడానికి ఆరు నుంచి తొమ్మిది నెలలు పడుతుంది. బయల్దేరడానికి రెండు గ్రహాలూ అనువైన స్థానాలకి వచ్చేది దాదాపు 26 నెలలకి ఒకసారి. కాబట్టి అక్కడ స్థిరపడే మొదటి కతోలిక జంటకి పెళ్ళి ఎలా జరగాలన్న ప్రశ్నకి 1983 నాటి చట్టంలోనే జవాబు ఉంది. అది రాసినవాళ్ళ మనసులో అంగారకుడు ఉండి ఉండడు. దూరం మనుషుల్ని ఏం చేస్తుందో మాత్రం వాళ్ళకి బాగా తెలుసు.

క్రైస్తవ్యం, అంతరిక్షం అనే రెండు మాటలు కలిపి వినగానే చాలామంది నేరుగా గ్రహాంతరవాసుల దగ్గరికి వెళ్ళిపోతారు. వేరే లోకంలో బుద్ధి ఉన్న జీవులు కనిపిస్తే బైబిల్ సంగతేమిటి, యేసు వాళ్ళ కోసం కూడా చనిపోయాడా అని అడుగుతారు. ఇది చాలా పాత ప్రశ్న. పదిహేనో శతాబ్దంలోనే విలియం వోరిలాంగ్ అనే ఫ్రాన్సిస్కన్ సన్యాసి దీన్ని ఎత్తుకుని, భూమ్మీద జరిగిన ఆ ఒక్క మరణం ఎన్ని లోకాలవాళ్ళనైనా రక్షించగలదని జవాబిచ్చాడు. ఇతర నక్షత్రాల మీద జీవులు ఉండవచ్చని 1440లో రాసిన నికొలస్ ఆఫ్ కూసా తర్వాత కార్డినల్ అయ్యాడు. 1600లో జోర్డానో బ్రూనోని సజీవంగా కాల్చేసినప్పుడు ఆయన మీద మోపిన నేరాల్లో అనేక లోకాల నమ్మకం కూడా ఉంది, ఆ చరిత్రని దాచలేం. అయినా ఈ విషయంలో చర్చి చాలా దూరం వచ్చింది. గ్రహాంతర జీవి ఉంటే ఆ జీవిని సోదరుడు అనుకోవడానికి అభ్యంతరం లేదని 2008లో వాటికన్ అబ్జర్వేటరీ డైరెక్టర్ జోసె గాబ్రియేల్ ఫూనెస్ వాటికన్ పత్రికలోనే చెప్పాడు. ఆ జీవి దొరికిన రోజున వేదాంతులకి చేతినిండా పని ఉంటుంది, సందేహం లేదు. సంఘం కూలిపోతుందని మాత్రం నేను అనుకోను.

అసలు పరీక్ష దూరం దగ్గర వస్తుంది. క్రైస్తవ్యం మనుషులు ఒకచోట కూడితే నడిచే మతం. దానికి రొట్టె కావాలి, నీళ్ళు కావాలి, తల మీద చెయ్యి పెట్టే మనిషి కావాలి. ఇవన్నీ భూమ్మీద ఎంత సులువుగా దొరుకుతాయంటే వాటి గురించి ఆలోచించే అవసరమే రాలేదు. అంగారకుడి మీద ప్రతి ఒక్కటీ సమస్యే.

చంద్రుడి మీద ద్రాక్షారసం

ఇంతవరకు అంతరిక్షంలో జరిగిన క్రైస్తవ ఆరాధన తక్కువేమీ కాదు. 1968 డిసెంబరు 24న చంద్రుడి చుట్టూ తిరుగుతూ అపోలో 8 వ్యోమగాములు ముగ్గురూ వంతులవారీగా ఆదికాండము మొదటి పది వచనాలు చదివారు. 'ఆదియందు దేవుడు భూమ్యాకాశములను సృజించెను' అన్న మాట చంద్రుడి దగ్గర్నుంచి కోట్లాదిమంది విన్నారు. ప్రభుత్వ సంస్థ మతప్రచారం చేస్తోందని నాస్తిక ఉద్యమకారిణి మ్యాడలిన్ మరే ఓహేర్ నాసా మీద కేసు వేసింది. కోర్టులు దాన్ని కొట్టేశాయి. కానీ ఆ వివాదం ప్రభావం ఏడు నెలల తర్వాత చంద్రుడి నేల మీద కనిపించింది.

1969 జులై 20న, బయటికి అడుగుపెట్టే ముందు, బజ్ ఆల్డ్రిన్ ల్యాండర్‌లోనే ప్రభు భోజనం (యేసు చివరి విందుకి గుర్తుగా రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ఆచారం) తీసుకున్నాడు. ఆయన టెక్సస్‌లోని వెబ్‌స్టర్ ప్రెస్బిటేరియన్ సంఘంలో పెద్ద. చిన్న గిన్నె, రొట్టె, ద్రాక్షారసం వెంట తీసుకెళ్ళాడు. భూమి గురుత్వంలో ఆరో వంతే ఉన్న చోట ద్రాక్షారసం గిన్నె అంచు వెంబడి మెల్లగా పైకి పాకిందని తర్వాత రాశాడు. 'ద్రాక్షావల్లిని నేను, తీగెలు మీరు' అన్న యోహాను సువార్త వాక్యం చదువుకున్నాడు. ఇదంతా రేడియోలో వినిపించవద్దని నాసా ముందే చెప్పింది, కాబట్టి ఒక నిమిషం మౌనంగా ఉండి ఎవరికి తోచిన విధంగా వాళ్ళు కృతజ్ఞత చెప్పుకోమని మాత్రమే లోకాన్ని కోరాడు. నలభై ఏళ్ళ తర్వాత ఆ సంఘటనని ఆయన వేరే కంటితో చూశాడు. తాము చంద్రుడి మీదికి వెళ్ళింది మొత్తం మానవజాతి పేరున, ఆ భోజనం ఒక మతానిది, మళ్ళీ అవకాశం వస్తే బహుశా అలా చేయనేమో అన్నాడు. ఆల్డ్రిన్ చేసిన పనిలో నాకు తప్పేమీ కనిపించదు. అయినా ఆ రెండో ఆలోచనలో ఉన్న నిజాయితీని గౌరవిస్తాను. ఈ వ్యాసంలో ముందు ముందు వచ్చే పెద్ద చిక్కు అందులో అప్పటికే ఉంది.

వాళ్ళు దిగిన ప్రశాంతి సాగరానికి ఆ పేరు పెట్టింది కూడా ఒక జెసూట్ గురువే. జొవానీ బాటిస్టా రిచ్చోలి 1651లో ప్రచురించిన చంద్ర పటంలోని పేర్లనే ఈనాటికీ వాడుతున్నాం.

ఆ తర్వాతి కథ త్వరగా చెప్పుకోవచ్చు. 1971లో అపోలో 14తో మైక్రోఫిల్మ్ బైబిళ్ళు చంద్రుణ్ణి చేరాయి. 1994లో ఎండెవర్ షటిల్‌లో ముగ్గురు కతోలిక వ్యోమగాములు దివ్యసత్ప్రసాదం (ప్రభు భోజనాన్ని కతోలికులు పిలిచే పేరు) పంచుకున్నారు. 2013లో మైక్ హాప్‌కిన్స్ ప్రతిష్ఠించిన ఆరు అప్పాలు (పూజ రొట్టెలు) అంతరిక్ష కేంద్రానికి తీసుకెళ్ళాడు. ఒక్కొక్కటీ నాలుగు ముక్కలు, మొత్తం ఇరవై నాలుగు, వారానికి ఒకటి చొప్పున. రష్యన్ కాస్మోనాట్లు తమ విభాగం గోడ మీద దేవుని తల్లి పటాలు, పునీతుల పటాలు పెట్టుకున్నారు. బైకొనూర్‌లో రాకెట్ లేచే ముందు ఆర్థడాక్స్ గురువు వచ్చి పవిత్ర జలం చల్లుతాడు.

ఇవన్నీ ప్రయాణికుల భక్తి. ప్రతిష్ఠ భూమ్మీద జరిగింది, పైకి వెళ్ళింది దాని ముక్క. ఆ ఇరవై నాలుగు ముక్కలు అయిపోయేలోపు మనిషి ఇంటికి వచ్చేస్తాడు. తిరిగి రాని మనుషులకి ఆ లెక్క సరిపోదు.

గోధుమ పండాలి, గురువు ఉండాలి

కతోలిక నియమం ప్రకారం బలిపూజకి (మాస్‌కి) వాడే రొట్టె కేవలం గోధుమతో చేసినదై ఉండాలి, పాడైపోయే ప్రమాదం లేనంత తాజాగా ఉండాలి. ద్రాక్షారసం నిజమైన ద్రాక్షపళ్ళదై ఉండాలి. అంగారకుడి మట్టిలో పెర్క్లోరేట్లు అనే క్లోరిన్ లవణాలు ఉన్నాయని 2008లో ఫీనిక్స్ ల్యాండర్ కనుక్కుంది. అవి మనుషుల థైరాయిడ్‌కి హాని చేస్తాయి. అయితే గోధుమ పండించడం అసాధ్యం కాదు, ఒకప్పటి రష్యన్ అంతరిక్ష కేంద్రం మీర్‌లోనూ ఇప్పటి అంతరిక్ష కేంద్రంలోనూ పొట్టిరకం గోధుమ మొక్కలు పెంచి చూశారు. ద్రాక్షతీగ సంగతి వేరు. దానికి స్థలం కావాలి, ఏళ్ళు కావాలి. పైగా మూసి ఉన్న నివాసంలో ఆల్కహాల్ ఆవిరి గాలినీ నీళ్ళనీ శుద్ధి చేసే యంత్రాలని ఇబ్బంది పెడుతుంది. అంతరిక్ష కేంద్రంలో మద్యానికి అనుమతి లేకపోవడానికి ఇది కూడా ఒక కారణం. ప్రొటెస్టెంట్లకి ఇక్కడ కాస్త వెసులుబాటు ఉంది. 1869లో అమెరికాలో థామస్ వెల్చ్ అనే మెథడిస్టు, సంఘంలో ప్రభు భోజనానికి వాడాలనే ఉద్దేశంతోనే పులవని ద్రాక్షరసం తయారు చేశాడు. ఆ పద్ధతి ఎన్నో సంఘాల్లో స్థిరపడిపోయింది. కతోలికుల్లో కూడా బిషప్పు అనుమతితో, మద్యం పడని గురువులు పులియడం మొదలై ఆగిన ద్రాక్షరసం వాడవచ్చు. కాబట్టి సామగ్రి సమస్య పరిష్కారం అవుతుంది.

బాప్తిస్మం ఇంకా సులువు. అత్యవసరమైతే ఏ మనిషైనా, క్రైస్తవుడు కానివాడైనా సరే, సరైన ఉద్దేశంతో నీళ్ళు పోసి బాప్తిస్మపు మాటలు పలికితే కతోలికులు దాన్ని జ్ఞానస్నానంగా (బాప్తిస్మంగా) ఒప్పుకుంటారు. భారరహిత స్థితిలో నీళ్ళు పొయ్యడం కుదరదు, అవి చర్మానికి అంటుకుని ముద్దగా ఉండిపోతాయి. అంగారకుడి గురుత్వం భూమి మీద ఉన్నదానిలో 38 శాతం. అక్కడ నీళ్ళు నెమ్మదిగానైనా కిందికి పడతాయి.

ముడి పడేది గురువు దగ్గర. భూమికీ అంగారకుడికీ మధ్య రేడియో సంకేతం ఒకవైపు వెళ్ళడానికే మూడు నుంచి ఇరవై రెండు నిమిషాలు పడుతుంది. సంభాషణ అన్నదే కుదరదు. పాపసంకీర్తనం (గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడం) వీడియోలో చెల్లుతుందా, తెర ముందు పెట్టుకున్న రొట్టె ప్రభు భోజనం అవుతుందా అన్న చర్చ 2020లో కరోనా సమయంలో ప్రతి సంఘంలోనూ జరిగింది. చాలా ప్రొటెస్టెంట్ సంఘాలు ఇళ్ళలోనే రొట్టె విరవడాన్ని ఒప్పుకున్నాయి. కతోలికులు, ఆర్థడాక్సులు ఒప్పుకోలేదు. లాక్‌డౌన్ ఎత్తేశాక చాలామంది ఈ చర్చని మరిచిపోయారు. అంగారకుడి మీద లాక్‌డౌన్ ఎత్తేసే రోజు రాదు. అక్కడ ఆ ప్రశ్నకి శాశ్వతమైన జవాబు కావాలి.

అయితే వెళ్ళే ఇంజనీర్లలోనో డాక్టర్లలోనో ఒకరికి ముందే గురువు అభిషేకం చేసి పంపితే సరిపోతుంది కదా? మొదటి తరానికి సరిపోతుంది. ఆ మనిషి చనిపోయాక ఇంకొకరిని అభిషేకించాలంటే బిషప్పు కావాలి. బిషప్పుని పంపినా, ఆయన తర్వాత ఎవరు అన్నది భూమి నుంచే నిర్ణయం కావాలి. చరిత్రలో ఇలాంటిది ఒకసారి జరిగింది. అమెరికా ఇంగ్లండ్ వలసగా ఉన్నన్నాళ్ళూ అక్కడ ఒక్క ఆంగ్లికన్ బిషప్పు కూడా లేడు. గురువు కావాలనుకున్న ప్రతి యువకుడూ అట్లాంటిక్ దాటి లండన్ వెళ్ళాల్సి వచ్చేది. దారిలో మునిగిపోయినవాళ్ళున్నారు, మశూచితో పోయినవాళ్ళున్నారు. స్వాతంత్ర్యం వచ్చాక శామ్యూల్ సీబరీ బిషప్పు అభిషేకం కోసం ఇంగ్లండ్ వెళ్తే, రాజుకి విధేయత ప్రమాణం చెయ్యనిదే కుదరదన్నారు. ఆయన స్కాట్లండ్ వెళ్ళి 1784 నవంబరులో అబర్డీన్‌లో అభిషేకం పొందాడు. అదే ఏడాది జాన్ వెస్లీ ఇక ఆగలేక, తాను బిషప్పు కాకపోయినా అమెరికా కోసం బోధకుల్ని తన చేతులతోనే అభిషేకించాడు. అమెరికన్ మెథడిస్టు సంఘం అలా విడిగా పుట్టింది. కొన్ని వారాల సముద్ర ప్రయాణం అంత దూరమే రెండు కొత్త సంఘాలకి కారణమైతే, అంగారకుడి దూరం ఎన్నింటికి కారణమవుతుందో ఊహించుకోవచ్చు.

నాగసాకి చెప్పిన జవాబు

అంగారకుడి మీద సంఘం ఎలా ఉంటుందో తెలుసుకోవాలంటే సైన్స్ ఫిక్షన్ కంటే జపాన్ చరిత్ర చదవడం మేలు. 1549లో ఫ్రాన్సిస్ జేవియర్ వెళ్ళిన తర్వాత అక్కడ లక్షలాదిమంది క్రైస్తవులయ్యారు. 1614లో దేశమంతటా నిషేధం వచ్చింది. గురువుల్ని వెళ్ళగొట్టారు, దాక్కున్నవాళ్ళని పట్టి చంపారు. దేశంలో మిగిలిన చివరి గురువు కూడా 1644లో చనిపోయాడు. ఆ తర్వాత రెండు వందల ఏళ్ళకి పైగా నాగసాకి చుట్టుపక్కల పల్లెల్లో, దీవుల్లో రైతులు, జాలరులు గురువు లేకుండా, బలిపూజ లేకుండా, బయటి లోకంతో ఏ సంబంధమూ లేకుండా విశ్వాసాన్ని కాపాడుకున్నారు.

వాళ్ళు పనిని పంచుకున్న తీరు ఆశ్చర్యంగా ఉంటుంది. ఒక మనిషి పని పంచాంగం చూడటం, పండుగలు ఉపవాసాలు ఏ రోజో లెక్కకట్టడం. ఇంకొకరి పని పిల్లలకి నీళ్ళు పోసి జ్ఞానస్నానం ఇవ్వడం. మరొకరి పని ఈ కబుర్లు ఇంటింటికీ చేరవేయడం. పాపసంకీర్తనానికి గురువు లేడు, కానీ నిషేధానికి ముందే, 1603 ప్రాంతంలో, గురువు దొరకని పరిస్థితిలో దేవుడి ముందు ఎలా పశ్చాత్తాపపడాలో చెప్పే చిన్న పుస్తకం జపనీస్‌లో వచ్చింది. దాన్ని చేత్తో రాసుకుంటూ, కంఠస్థం చేసుకుంటూ తరతరాలు దాటించారు. ముందు ఏం రాబోతోందో ఊహించి, తాము లేని రోజు కోసం ఏర్పాటు చేసిపెట్టడమే ఆ మిషనరీలు చేసిన గొప్ప పని అని నేను అనుకుంటాను. అంగారకుడి కోసం ఇవాళ ఏ సంఘమైనా చేయాల్సిన పని అలాంటిదే.

1865 మార్చి 17న నాగసాకిలో కొత్తగా కట్టిన ఓరా చర్చికి ఉరకామి పల్లె నుంచి కొద్దిమంది వచ్చారు. వాళ్ళలో ఒక స్త్రీ ఫ్రెంచి గురువు పెటిజాన్ దగ్గరికి వెళ్ళి, మా అందరి హృదయమూ మీ హృదయమే అని మెల్లగా చెప్పి, మరియమ్మ విగ్రహం ఎక్కడుందని అడిగింది. ఈ కథని ఇక్కడే ఆపేసి విశ్వాసం గెలిచిందని ముగించేవాళ్ళు చాలామంది. తర్వాత జరిగింది కూడా చెప్పాలి. మిషనరీలు పరీక్షించి చూస్తే కొన్నిచోట్ల జ్ఞానస్నానం మాటలు అరిగిపోయి ఉన్నాయి. రొట్టె, ద్రాక్షారసం స్థానంలోకి కొన్ని దీవుల్లో అన్నం, సాకే (బియ్యపు సారా) వచ్చాయి. పూర్వీకుల పూజ కలిసిపోయింది. మళ్ళీ శ్రీసభలో కలవమంటే వేలాదిమంది ఒప్పుకోలేదు. మా తాతముత్తాతలు ప్రాణాలిచ్చి కాపాడింది ఈ పద్ధతినే, దీన్ని వదిలి మీ పద్ధతికి రావడం ఎలా అన్నది వాళ్ళ బాధ. ఆ బాధలో న్యాయం ఉంది.

అంగారకుడి మీద కూడా ఇదే జరుగుతుందని నా అంచనా. ప్రార్థన, బాప్తిస్మం, పెళ్ళి, పంచాంగం నిలుస్తాయి. మిగతాది మారుతుంది. మూడో తరం వచ్చేసరికి అక్కడి విశ్వాసం భూమ్మీది ఏ శాఖకీ చెందనిదిగా తయారై ఉండవచ్చు. భూమి నుంచి వచ్చే మొదటి బిషప్పుకి అప్పుడు చాలా వినయం కావాలి.

పంచాంగం అన్నాను కాబట్టి దాని చిక్కు కూడా చెప్పాలి. అంగారకుడి రోజు 24 గంటల 39 నిమిషాల 35 సెకన్లు. అక్కడి సూర్యోదయాల్ని లెక్కపెట్టుకుంటూ ఏడో రోజున ఆరాధన చేస్తే, అయిదు వారాలు దాటగానే వాళ్ళ ఆదివారం భూమి ఆదివారం కంటే ఒక రోజు వెనకబడుతుంది. 1522లో భూమి చుట్టి వస్తూ మాగెలన్ ఓడవాళ్ళు కేప్ వెర్డీ దీవుల్లో ఆగినప్పుడు తమ లెక్కలో బుధవారం, ఒడ్డున ఉన్నవాళ్ళకి గురువారం. ఒక్క రోజూ తప్పకుండా రాసుకున్న లెక్క ఎలా తప్పిందో వాళ్ళకి అర్థం కాలేదు. ఈస్టర్ సంగతి ఇంకా కష్టం. వసంత విషువత్తు (పగలూ రాత్రీ సమానంగా ఉండే రోజు) తర్వాత వచ్చే పున్నమి దాటిన మొదటి ఆదివారం అని లెక్క. అంగారకుడి సంవత్సరం 687 భూమి రోజులు, అక్కడి పెద్ద చందమామ ఫోబోస్ గ్రహాన్ని రోజుకి మూడుసార్లు చుట్టి వస్తుంది. ఏ వసంతం, ఏ పున్నమి? భూమి తేదీల్నే పట్టుకోవడం నయమనిపిస్తుంది. ఈస్టర్ తేదీ కోసం తూర్పు, పశ్చిమ సంఘాలు ఎన్నో శతాబ్దాలుగా వేర్వేరు లెక్కల మీద ఉన్నాయి, మూడో లెక్క చేర్చడం ఎందుకు?

వెళ్ళాలా, వద్దా

బైబిల్ చదివే ఇద్దరు మనుషులు ఈ ప్రశ్నకి పూర్తిగా వేరు జవాబులు చెప్పగలరు. 'ఆకాశములు యెహోవా వశము, భూమిని ఆయన నరులకిచ్చియున్నాడు' అంటుంది 115వ కీర్తన. మనిషి చోటు భూమే అనేవాళ్ళకి అది ఆధారం. ఆకాశాన్నంటే గోపురం కట్టబోయిన మనుషుల్ని దేవుడు చెదరగొట్టిన బాబెలు కథ వాళ్ళకి తోడు. రెండోవైపు ఆదికాండములో విస్తరించి భూమిని నిండించండి అన్న ఆజ్ఞని గ్రహాల దాకా పొడిగించేవాళ్ళున్నారు. 'నేను ఆకాశమునకెక్కినను నీవు అక్కడను ఉన్నావు' అన్న 139వ కీర్తనని వ్యోమగాములు ఇష్టంగా చెప్పుకోవడం సహజం.

అమెరికాలో రాకెట్ ప్రయోగాల్ని ఉత్సాహంగా సమర్థించేది క్రైస్తవ సంప్రదాయవాదులే అనుకుంటాం. సర్వేలని పరిశీలించి 2015లో రాజనీతి పరిశోధకుడు జాషువా ఆంబ్రోసియస్ తేల్చింది దానికి విరుద్ధం. మిగతావాళ్ళతో పోలిస్తే ఇవాంజెలికల్స్‌లో (సంప్రదాయవాద ప్రొటెస్టెంట్లలో) అంతరిక్షం మీద ఆసక్తి, మద్దతు తక్కువ. లోకాంతం దగ్గర్లోనే ఉందని నమ్మే మనిషి వెయ్యేళ్ళ వలస ప్రణాళిక మీద మనసు పెట్టకపోవడంలో వింతేమీ లేదు.

రష్యాలో కథ మరోలా నడిచింది. నికొలాయ్ ఫ్యోదొరోవ్ (1829–1903) మాస్కోలో లైబ్రేరియన్, నిష్ఠగల ఆర్థడాక్స్ క్రైస్తవుడు. పునరుత్థానం కోసం చేతులు ముడుచుకుని ఎదురుచూడకూడదని, చనిపోయిన పూర్వీకులందరినీ సైన్స్ సాయంతో తిరిగి బతికించడమే మానవజాతి ఉమ్మడి బాధ్యత అని ఆయన నమ్మాడు. అంతమంది తిరిగి లేస్తే భూమి చాలదు కదా, అందుకే గ్రహాలన్నిటి మీదా నివాసాలు ఏర్పడాలి అన్నాడు. చర్చి ఆయన్ని తనవాడిగా చెప్పుకోలేదు. కానీ చెవుడు వల్ల బడికి దూరమై లైబ్రరీలో చదువుకోవడానికి వచ్చిన ఒక కుర్రాడికి ఫ్యోదొరోవ్ పుస్తకాలు ఇచ్చి ఆదరించాడు. ఆ కుర్రాడి పేరు కాన్‌స్టాంటిన్ సియోల్కోవ్‌స్కీ. రాకెట్ సమీకరణం ఆయనదే. అంతరిక్ష ప్రయాణపు మూలాల్లో పునరుత్థానం మీద ఆశ ఒకటి ఉందని చాలామందికి తెలియదు.

నా మట్టుకు ఆదికాండము రెండో అధ్యాయం దగ్గరే ఆగుతాను. తోటలో మనిషిని పెట్టింది దాన్ని సేద్యపరచడానికీ కాయడానికీ. భూమి పాడైతే పారిపోవడానికి ఇంకో గ్రహం ఉందనే ఆలోచనతో ఎవరైనా అంగారకుడికి ప్రచారం చేస్తే, క్రైస్తవులు దాన్ని ఎదిరించాలి. తెలుసుకోవడానికి, సృష్టిని చూడటానికి, జీవాన్ని కొత్త చోటికి చేర్చడానికి వెళ్ళడం వేరు. ఆ ప్రయాణాన్ని దీవించడానికి నాకు అభ్యంతరం లేదు.

ఆ నేల ఎవరిది

ఇక చరిత్రలో చేదైన భాగం. 1455లో పోప్ ఐదో నికొలస్ పోర్చుగల్ రాజుకి ఆఫ్రికా తీరాల మీద హక్కులిస్తూ, క్రైస్తవులు కానివాళ్ళని జయించి బానిసలుగా చేసుకునే అధికారాన్ని ఖాయం చేశాడు. 1493 మే నెలలో ఆరో అలెగ్జాండర్ అట్లాంటిక్‌లో ఒక గీత గీసి, దానికి పశ్చిమాన కనుక్కున్న, కనుక్కోబోయే నేలల్ని స్పెయిన్‌కి ఇచ్చేశాడు. క్రైస్తవ రాజు లేని నేల ఎవరిదీ కాదు అన్న ఈ ఆలోచన 1823లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పులోకి కూడా వెళ్ళింది. మధ్యలో 1537లో పోప్ మూడో పాల్ అమెరికా ఖండాల మూలవాసులు నిజమైన మనుషులేనని, వాళ్ళ స్వేచ్ఛనీ ఆస్తినీ లాక్కోకూడదని ప్రకటించాడు, ఆ మాట విన్నవాళ్ళు తక్కువ. ఈ సిద్ధాంతాన్ని వాటికన్ బహిరంగంగా తిరస్కరించింది 2023 మార్చి 30న.

అంగారకుడి మీద మనుషులు లేరు కదా, ఆ పోలిక ఎందుకు అని అడగవచ్చు. నేల ఖాళీగా ఉందన్నది అప్పుడు అబద్ధం, ఇప్పుడు మనకి తెలిసినంతలో నిజం. అయినా ముందు చేరినవాడిదే హక్కు అనే తర్కం మాత్రం అదే. 1967 నాటి అంతరిక్ష ఒప్పందం ఏ దేశమూ చంద్రుణ్ణీ ఇతర గ్రహాల్నీ తన సొంతమని ప్రకటించకూడదని చెప్తుంది. తవ్వి తీసిన ఖనిజం సంగతి మాత్రం స్పష్టంగా తేల్చలేదు. ఆ సందులోంచే 2015లో అమెరికా, 2017లో లక్సెంబర్గ్ తవ్వుకున్నది కంపెనీలదే అని చట్టాలు చేసుకున్నాయి. భూమి దేవుడిది, మనం దానిలో కాపురమున్న పరదేశులం అని లేవీయకాండము చెప్తుంది. ఆ వాక్యాన్ని నమ్మే సంఘం దగ్గర ఈ చట్టాల గురించి చెప్పడానికి ఎంతో ఉండాలి, ఇప్పటివరకు చాలా తక్కువ వినిపించింది.

పైగా ఆకాశం క్రైస్తవులకి మాత్రమే పవిత్రం కాదు. 2024 జనవరిలో పెరెగ్రిన్ ల్యాండర్ మనుషుల చితాభస్మాన్ని చంద్రుడి మీదికి తీసుకెళ్తున్నప్పుడు అమెరికా మూలవాసులైన నవాజో జాతి అధ్యక్షుడు బూ నైగ్రెన్ అభ్యంతరం చెప్పాడు. వాళ్ళ సంప్రదాయంలో చంద్రుడు పవిత్రం, అక్కడ చితాభస్మం పెట్టడం అపచారం. ఆ ల్యాండర్ చంద్రుణ్ణి చేరలేకపోయింది, ప్రశ్న అలాగే ఉంది. ఆల్డ్రిన్ పడిన రెండో ఆలోచన ఇక్కడ మళ్ళీ గుర్తుచేసుకోవాలి. చంద్రుడి మీద గుడో చర్చో కట్టేముందు, ఆ చంద్రుణ్ణి రోజూ చూసే మిగతావాళ్ళని అడిగామా?

గాలి ఇచ్చేవాడి కింద బతుకు

అందరిదీ అయిన చోట సంఘం ఎలా నిలబడవచ్చో చూడాలంటే అంటార్కిటికాలో ఒక ఉదాహరణ ఉంది. కింగ్ జార్జ్ దీవిలో రష్యన్ స్థావరం పక్కన సైబీరియా కలపతో కట్టిన త్రిత్వ దేవాలయం 2004 నుంచి నడుస్తోంది. గురువులు వంతులవారీగా వచ్చి ఉంటారు. చుట్టుపక్కల ఇతర దేశాల స్థావరాల వాళ్ళు కూడా వస్తుంటారు. 2007లో ఒక రష్యన్ అమ్మాయికీ చిలీ అబ్బాయికీ అక్కడ పెళ్ళి జరిగింది. ఆ నేల మీద తమకి హక్కుందని ఆ చర్చి ఏమీ చెప్పుకోదు, ఉన్న మనుషులకి సేవ చేస్తుంది. చంద్రుడి మీద మొదటి చర్చి ఇలాంటిదైతే బాగుంటుంది.

అంతకంటే పాత నమూనా కూడా ఉంది. ఐర్లండ్ తీరానికి దూరంగా అట్లాంటిక్‌లో నిటారుగా లేచిన స్కెలిగ్ మైకెల్ అనే రాతి దీవి మీద శతాబ్దాలపాటు సన్యాసులు బతికారు. రాళ్ళు పేర్చి గుండ్రటి గుడిసెలు కట్టుకున్నారు, వాన నీళ్ళు తొట్టెల్లో పట్టుకున్నారు, చిన్న చిన్న చదునుల్లో తోటలు వేసుకున్నారు. ఇరుకు చోటు, కొద్దిపాటి వనరులు, అవే ముఖాలు, బయటికి దారి లేదు. ఇలాంటి బతుకులో మనుషులు ఒకరినొకరు ద్వేషించుకోకుండా ఉండటానికి ఏం కావాలో ఆరో శతాబ్దంలో బెనెడిక్ట్ రాసిన మఠ నియమావళి చాలా వివరంగా చెప్తుంది: పనికి వేళలు, మౌనానికి వేళలు, జబ్బుపడినవాడికి మినహాయింపులు, పెద్ద నిర్ణయాల్లో అందరికంటే చిన్నవాడి మాట కూడా వినాలన్న సూచన. దీర్ఘ అంతరిక్ష యాత్రల మనస్తత్వం మీద పనిచేసేవాళ్ళు ఆ నియమావళిని చదివితే ఉపయోగపడుతుంది, విశ్వాసం ఉన్నా లేకపోయినా.

మఠానికీ అంగారక నివాసానికీ ఒక పెద్ద తేడా ఉంది. స్కెలిగ్ సన్యాసి పీల్చే గాలికి యజమాని లేడు. అంగారకుడి మీద గాలి, నీళ్ళు, వేడి, తిరుగు ప్రయాణం టికెట్ అన్నీ ఒకే యాజమాన్యం చేతిలో ఉండే అవకాశం ఎక్కువ. పందొమ్మిదో శతాబ్దంలో గనుల కంపెనీలు కట్టిన ఊళ్ళలో ఇల్లు కంపెనీది, కొట్టు కంపెనీది, చాలాచోట్ల చర్చి కట్టడానికి డబ్బిచ్చింది కూడా కంపెనీయే. అలాంటి చర్చిల్లో సమ్మెని సమర్థించే ప్రసంగం అరుదుగా వినిపించేది. అంగారకుడి సంఘం కూడా యాజమాన్యం ఇచ్చిన గదిలో, యాజమాన్యం ఇచ్చిన ఆక్సిజన్‌తో ప్రార్థన చేస్తుంది. యజమానిని తప్పుబట్టే ధైర్యం ఆ బోధకుడికి ఎక్కణ్ణుంచి వస్తుంది?

ఇది వాళ్ళు అక్కడికి వెళ్ళాక తేలేది కాదు. వారంలో ఒక రోజు విశ్రాంతి, గాలి మీద ఎవరి ఇష్టానికీ వదలని హక్కు, ఒప్పందం ముగిశాక ఇంటికి తిరిగొచ్చే హక్కు, అక్కడ పుట్టిన పిల్లలకి ఏ అప్పూ లేకుండా పెరిగే హక్కు అన్నవి బయల్దేరే ముందే కాగితం మీదికి రావాలి. 1967 ఒప్పందం ప్రకారం ప్రతి నివాసమూ దాన్ని నమోదు చేసిన దేశపు అధికారం కిందే ఉంటుంది, కాబట్టి ఈ హక్కులు రాయాల్సింది భూమ్మీది పార్లమెంట్లే. ఆ దేశాల్లో చాలావాటిలో సంఘాలకి సభ్యులున్నారు, ఓట్లున్నాయి, మాట వినిపించే వేదికలున్నాయి. బాల కార్మికులకీ బానిసత్వానికీ వ్యతిరేకంగా చట్టాలు తేవడంలో క్రైస్తవులు పనిచేసిన చరిత్ర కూడా ఉంది, కాస్త ఆలస్యంగానే అయినా. ఈసారి మొదటి ఓడ బయల్దేరక ముందే ఆ పని మొదలుపెట్టవచ్చు.